నంది కొండ సైకిల్ ఛాలెంజ్: ఎక్కడ బస చేయాలి, ఏ గేరుతో ఎక్కాలి

బెంగళూరు నడిబొడ్డు నుంచి నంది కొండకు దాదాపు 60 కిలోమీటర్లు. శిఖరం 1478 మీటర్ల ఎత్తు. ఘాట్ రోడ్డు ఏడెనిమిది కిలోమీటర్లే అయినా 400 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కిస్తుంది. మొదట్లో కాళ్లకు పెద్దగా తెలియదు. చివరి మూడు కిలోమీటర్లలో మలుపులు దగ్గర పడి, వాలు నిటారుగా మారుతుంది. సైకిల్ దిగి నడిచేవాళ్లలో ఎక్కువమంది దిగేది అక్కడే.

ఇక్కడి బృంద రైడ్లు రెండు రకాలు. కొన్ని ఊళ్లోనే మొదలై కొండెక్కి తిరిగొస్తాయి, అంటే 120 కిలోమీటర్లు. మరికొన్ని కొండ కింద మొదలవుతాయి, ఘాట్ ఎక్కిన సమయాన్ని మాత్రమే లెక్కిస్తారు. డబ్బు కట్టేముందే ఏ రకమో తెలుసుకోవాలి. బస ఎక్కడన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఊళ్లో మొదలయ్యేదానికి బెంగళూరు ఉత్తరాన ఉన్న యలహంక బాగుంటుంది. కాచిగూడ నుంచి ధర్మవరం, హిందూపురం మీదుగా వచ్చే రైళ్లలో అక్కడ ఆగేవి ఉన్నాయి. సైకిల్‌తో ఊరంతా దాటుకుని రావాల్సిన పని ఉండదు. హెబ్బాళ దగ్గర ఎక్కువ హోటళ్లున్నా, తెల్లవారుజామున ఫ్లైఓవర్ చుట్టూ ఎయిర్‌పోర్టు కార్ల వేగం కొత్తవాళ్లకు భయం పుట్టిస్తుంది. ఎలివేటెడ్ రోడ్డెక్కకుండా కింది సర్వీస్ రోడ్డులోనే వెళ్లాలి.

కొండ కింద మొదలయ్యేదానికి మా ఓటు దేవనహళ్లికే. అక్కడి నుంచి కొండ అడుగుకు ఉండే పదిహేను ఇరవై కిలోమీటర్లు కాళ్లు వేడెక్కడానికి సరిపోతాయి. సైకిల్‌ను గదిలోకి తీసుకెళ్లనిస్తారా అని లాడ్జికి ముందే ఫోన్ చేసి అడగాలి. సెల్లార్‌లో పెట్టమంటే మరో లాడ్జి చూసుకోవడం నయం. చిక్కబళ్లాపురంలోనూ దిగొచ్చు. అక్కడ తెలుగు బాగా నడుస్తుంది కాబట్టి, కన్నడ రానివాళ్లకు మెకానిక్‌తోనో హోటల్‌వాళ్లతోనో మాట్లాడటం ఇబ్బంది కాదు.

కొండ మీదే కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర పైన్ టాప్, ప్రభుత్వ అతిథి గృహాలు ఉన్నాయి. చోటు అందమైనదే, కానీ పోటీ ముందు రాత్రికి పనికిరాదు. తెల్లవారకముందే చలిలో, మంచులో, తడి రోడ్డు మీద కిందికి దిగాలి. వేళ్లు కొయ్యబారితే బ్రేకు సరిగా పట్టలేం. పైగా రాత్రి ఘాట్ రోడ్డు గేటు మూసి ఉంటుంది. కుటుంబంతో వచ్చినవాళ్లు ఆ గదిని పోటీ అయ్యాక రాత్రికి బుక్ చేసుకుంటే హాయిగా ఉంటుంది.

ఇక గేర్లు. ముందు 50/34, వెనక 11-28 పళ్లచక్రాలు (అంకెలు పళ్ల లెక్క) ఉన్న రోడ్ సైకిల్‌ను తీసుకుందాం. 34-28 గేరులో, అంటే ముందు 34, వెనక 28 పళ్లతో, నిమిషానికి పెడల్ 60 చుట్లు తిప్పితే వేగం గంటకు 9 కిలోమీటర్లు. అంతకంటే నెమ్మదైతే తొక్కుడు బరువెక్కి మోకాళ్ల మీద పడుతుంది. వెనక 34 పళ్లుంటే అదే తొక్కుడుకు ఏడున్నర కిలోమీటర్ల వేగం చాలు. ఘాట్ ఎక్కడానికి గంట పట్టేవాళ్లు 11-34 క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) వేయించుకోవాలని గట్టిగా చెబుతున్నాం. అయితే గేరు మార్చేటప్పుడు చైన్‌ను పక్కకు జరిపే డిరైలర్‌కు కేజ్ (కింద వేలాడే చట్రం) పొట్టిదైతే, అది అంత పెద్ద పళ్లచక్రాన్ని మోయదు. ఉదాహరణకు షిమానో కంపెనీ 105 ఆర్7000 డిరైలర్లలో పొట్టిదానికి 30 వరకే, పొడుగుదానికి 34 వరకు హద్దు. క్యాసెట్ మారిస్తే చైన్ కూడా పొడుగుది వేయాల్సి రావొచ్చు.

అద్దె సైకిల్ తీసుకునేవాళ్లు రోడ్ సైకిల్ మీదే మోజు పడక్కర్లేదు. ముందు 48/38/28, వెనక 14-28 ఉన్న మామూలు హైబ్రిడ్‌లో 28-28 పడుతుంది. అది 34-34 అంత తేలికే. అద్దె దుకాణం మంచిదో కాదో తేల్చడానికి మూడు చూడండి: బ్రేకు ప్యాడ్‌లలో గాడులు మిగిలి ఉన్నాయా, చైన్ తుప్పు పట్టిందా, స్పేర్ ట్యూబు, పంపు ఇస్తున్నారా. ట్యూబు వాల్వుకు ఆ పంపు సరిపోతుందో లేదో అక్కడే గాలి కొట్టి చూడాలి.

రైల్లో, బస్సులో సైకిల్ వేసుకొచ్చేవాళ్లకు ఎదురయ్యే అసలు చిక్కు డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే ముక్క) వంగిపోవడం. సామాన్ల కింద కుడివైపు పడితే చాలు, కొంచెం వంగుతుంది. చదును రోడ్డు మీద తెలియదు. ఘాట్‌లో అన్నిటికంటే తేలిక గేరు వేసిన క్షణంలో డిరైలర్ స్పోకుల్లోకి దూరి, చక్రం, ఫ్రేమ్ రెండూ పాడయ్యే ప్రమాదం ఉంది. ప్యాక్ చేసేటప్పుడే డిరైలర్‌ను బోల్టు విప్పి ఫ్రేమ్ లోపలికి కట్టేయాలి. దిగాక వెనక నిలబడి, జాకీ చక్రాలు (డిరైలర్‌లోని చిన్న చక్రాలు) రెండూ పళ్లచక్రంతో ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడాలి. చక్రాన్ని గాల్లో తిప్పి పెద్ద పళ్లచక్రానికి మార్చినప్పుడు చైన్ దాన్ని దాటిపోతుంటే ఎల్ స్క్రూ (డిరైలర్ మరీ లోపలికి జరగకుండా ఆపే స్క్రూ) బిగించాలి. హ్యాంగరే వంగి ఉంటే ఆ స్క్రూతో సరిచేద్దామనుకోవద్దు, ముందు రోజే షాపులో సరిచేయించాలి.

ఎక్కేటప్పుడు ఎడమ మలుపుల్లో మనం లోపలి అంచున ఉంటాం. వాలు అక్కడే ఎక్కువ. మలుపులోకి వెళ్లాక గేరు మారిస్తే చైన్ మీద బరువు పడి టక్కుమంటుంది, కాబట్టి ముందే మార్చుకోవాలి.

బయల్దేరేముందు తిండి ఇడ్లీతో సరిపెట్టినా, నగరం నుంచి తొక్కేవాళ్లకు దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మామూలు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. లీటరు నీళ్లకని ఇచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను 750 మిల్లీలీటర్ల సీసాలో పూర్తిగా కలపకూడదు, చిక్కబడి కడుపులో తిప్పుతుంది. పైన కోతులుంటాయి, పండు చేతిలో పట్టుకుని నిలబడొద్దు.

నిర్వాహకులు డబ్బుకు తగ్గ సేవ చేస్తున్నారో లేదో దిగేటప్పుడు తెలుస్తుంది. అందరినీ పైన ఆపి, మార్షల్ (దారి చూపే నిర్వాహకుల మనిషి) వెంట గుంపులుగా దించేవాళ్లదే మంచి ఏర్పాటు. వారాంతాల్లో పొద్దెక్కేకొద్దీ కార్లు మలుపుల్లోనే ఓవర్‌టేక్ చేస్తూ పైకొస్తాయి. ఎవరికి వారు దిగిపొమ్మనే రైడ్‌కు ఎంత మంచి టీషర్టు ఇచ్చినా వెళ్లొద్దు. దిగేటప్పుడు బ్రేకు నిరంతరం నొక్కి పట్టుకుంటే రిమ్ బాగా వేడెక్కిపోతుంది. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా వేసి, వేగం తగ్గాక వదలాలి. సన్నని గాలి జాకెట్ జేబులో ఉంచుకోండి, పైకి చేరాక చెమట ఆరకముందే వేసుకోవాలి.