సైక్లోఫిలిన్, ఎఫ్‌కేబీపీ: పని ఒకటే, దారులు వేరు

హన్మకొండలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పిల్లలు పరీక్షల ముందు సైక్లోఫిలిన్, ఎఫ్‌కేబీపీ అనే ఈ రెండు ఎంజైములనూ కలగాపులగం చేసేస్తుంటారు. వాళ్ల తప్పేం లేదు, రెండూ చేసేది ఒకే పని. ప్రోటీన్ గొలుసులో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ముందున్న బంధం సిస్, ట్రాన్స్ అనే రెండు రూపాల మధ్య దానంతటది తిరగడం చాలా నిదానం. ఈ ఎంజైములు ఆ మలుపును వేగంగా తిప్పేసి, ప్రోటీన్ మడతపడటానికి సాయపడతాయి.

ఆకారంలో మాత్రం పోలికే లేదు. సైక్లోఫిలిన్-ఎ బరువు 18 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు కొలత), ఆకారం ఎనిమిది బీటా పోగులు (గొలుసులో సాగినట్టుండే ముక్కలు) చుట్టుకున్న పీపా. ఎఫ్‌కేబీపీ-12 పేరులోనే బరువుంది: 12 కిలోడాల్టన్లు. ప్రోలిన్ ముందు ఏ అమైనో ఆమ్లం ఉన్నా మొదటిది పెద్దగా పట్టించుకోదు. రెండోది లూసిన్, ఫినైలాలనిన్ లాంటివాటి వైపే మొగ్గుతుంది.

అసలు ముచ్చట మందుల దగ్గరుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని వరంగల్‌కు తిరిగొచ్చినవాళ్లు రోగనిరోధకత తగ్గడానికి రోజూ వేసుకునే టాక్రోలిమస్ ఎఫ్‌కేబీపీకి అతుక్కుంటుంది, అలాంటిదే మరో మందు సైక్లోస్పోరిన్ సైక్లోఫిలిన్‌కు. రెండు జంటలూ చివరికి ఆపేది టీ-కణాలను (రోగనిరోధక కణాలను) ఉసిగొల్పే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమునే. దాంతో టీ-కణాలు చల్లబడతాయి, కొత్త కిడ్నీ నిలుస్తుంది. మడతపెట్టే పని ఆగడం వల్లే రోగనిరోధకత తగ్గుతుందని రాస్తే తప్పు. రాపమైసిన్ అనే ఇంకో మందు కూడా అదే ఎఫ్‌కేబీపీ-12ను పట్టుకుంటుంది గానీ, ఆ జంట వెళ్లి ఆపేది కణం ఎదుగుదలను నడిపే ఎంటార్ అనే ఎంజైమును.

కణంలో కాపురాలూ వేరే. సైక్లోఫిలిన్-డి మైటోకాండ్రియాలో ఉంటుంది. ఎఫ్‌కేబీపీ-12 కండరంలో కాల్షియం వదిలే రయనోడిన్ గ్రాహకాన్ని అంటిపెట్టుకుంటుంది. ముందు ఒకటే చదవాలంటే ఎఫ్‌కేబీపీ-12 చదవమంటాను. ఒకే ప్రోటీన్, రెండు మందులు, రెండు లక్ష్యాలు!