హెడ్‌సెట్టా, డమ్మీనా? నర్సింగ్ స్కిల్ ల్యాబ్‌కు ఏది మేలు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నర్సింగ్ కాలేజీల ట్యూటర్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నది ఒకటే. ల్యాబ్‌కు వచ్చిన డబ్బుతో వీఆర్ హెడ్‌సెట్లు (కళ్లకు తగిలించుకుంటే కంప్యూటర్ గీసిన ఆస్పత్రి చుట్టూ కనబడేవి) కొనాలా, ఉన్న డమ్మీలకు (సాధనకు వాడే మనిషి బొమ్మలకు) తోడు ఇంకో నాలుగు డమ్మీలు కొనాలా? 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. హౌస్ సర్జన్లు, నర్సింగ్ పిల్లలు, ఏఎన్ఎంలు అందరూ ఒకే లేబర్ రూంలో పోస్టింగ్ చేస్తే ఒక్కొక్కరి చేతికి వచ్చే కేసులు తగ్గుతాయి. ఆ లోటు ల్యాబ్‌లోనే తీరాలి కాబట్టి అడగడం సబబే.

అమ్మేవాళ్లు "అచ్చం ఆస్పత్రిలాగే ఉంటుంది" అని ఊదరగొడతారు. అది అలా ఉంచి, పిల్లలు ఆ పనిలో తప్పుతున్నది చేతి దగ్గరా, నిర్ణయం దగ్గరా అన్నది చూడండి. నా లెక్కలో కొనుగోలు తేలేది అక్కడే.

గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కే సీపీఆర్‌నే తీసుకోండి. పెద్దవాళ్లకు నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5–6 సెంటీమీటర్లు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రావాలి. హెడ్‌సెట్ పెట్టుకుంటే చెవిలో తాళం పడుతుంటుంది కాబట్టి వేగం త్వరగానే పట్టుబడుతుంది. లోతు మాత్రం పట్టుబడదు. కంట్రోలర్లు పట్టుకుని గాలిని నొక్కితే ఎదురొత్తిడి ఉండదు. మోచేతులు వంగిపోతాయి, భుజాల బరువు అరచేతి మడమ మీదికి రాదు. రెండు నిమిషాలకే రావాల్సిన ఆయాసమూ రాదు, దాంతో రెండు నిమిషాలకోసారి మనిషిని ఎందుకు మార్చాలో ఒంటికి తెలియదు.

డమ్మీతోనూ మోసపోవచ్చు. మెత్తటి పరుపు మీద పెట్టి చేయిస్తే లోతులో కొంత పరుపే తినేస్తుంది. నేల మీద గానీ, కింద గట్టి చెక్క వేసి గానీ చేయించాలి. లోపలి స్ప్రింగ్ సడలిపోయిన పాత డమ్మీ ఇంకా ప్రమాదం. దాని మీద అలవాటు పడ్డ చేతులు అసలు మనిషి దగ్గర లోతు చాలకుండా ఆగిపోతాయి.

అప్పుడే పుట్టి ఏడవని బిడ్డకు ఊపిరి అందించడంలో తేడా ఇంకా బాగా కనబడుతుంది. మొదటి నిమిషంలోపే ఆంబు బ్యాగ్ (చేత్తో పిండి గాలి పంపే సంచి) మొదలుపెట్టి, నిమిషానికి 40–60 సార్లు ఇవ్వాలి. నియోనటాలీ లాంటి డమ్మీలో రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు నింపితే చేతికి పసిబిడ్డ బరువు, మెత్తదనం తెలుస్తాయి. తల కొంచెమే వెనక్కి వాల్చి, ముక్కూ నోరూ కప్పేలా మాస్క్ గట్టిగా ఆనిస్తేనే ఛాతీ లేస్తుంది. మెడ మరీ వెనక్కి వంచినా, గడ్డం ఛాతీకి తగిలినా లేవదు. మాస్క్ అంచు దగ్గర బుస్సుమని గాలి పోవడం వినబడుతుంది, వేలికీ తగులుతుంది. పిల్లలు వేళ్లు సర్దుకునేది ఆ గాలిని బట్టే. హెడ్‌సెట్‌లో బటన్ నొక్కితే చాలు, తెర మీద ఛాతీ లేస్తుంది.

క్యాన్యులా (నరానికి ఎక్కించే సన్నటి గొట్టం), క్యాథెటర్ (మూత్రానికి వేసే గొట్టం), కుట్లు కూడా ఈ కోవలోవే. ప్లాస్టిక్ చెయ్యి కొంటే చర్మం, నరం గొట్టాలు విడిగా దొరుకుతాయా అని ముందే అడగండి. రక్తానికి బదులు నింపే ఎర్రనీళ్లు లోపలే వదిలేస్తే బూజు పడుతుంది.

వీఆర్‌తో చేతిపని రానేరాదని అనలేం. 2002లో అచ్చయిన యేల్ యూనివర్సిటీ అధ్యయనంలో 16 మంది సర్జరీ రెసిడెంట్లలో, వీఆర్ మీద సాధన చేసినవాళ్లు పిత్తాశయాన్ని కాలేయం నుంచి 29 శాతం త్వరగా విడదీశారు, తప్పులూ బాగా తక్కువ. కానీ అందులో వాళ్ల చేతుల్లో ఉన్నవి ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) పరికరాల్లాంటి పిడులు, ఎదురుగా ఉన్నది మానిటర్. థియేటర్లో సర్జన్ చూసేదీ మానిటర్‌నే. మామూలు హెడ్‌సెట్ అమ్మడానికి ఆ అధ్యయనాన్ని చూపిస్తే ఒప్పుకోకండి.

ఇక హెడ్‌సెట్ గెలిచే చోటు. చౌటుప్పల్ దాటాక 65వ నంబర్ హైవే మీద బస్సు, లారీ గుద్దుకుని ఒకేసారి పదిహేను మంది వచ్చారనుకోండి. ఎవరిని ముందు చూడాలో రంగు ట్యాగ్‌లతో తేల్చాలి. నడవగలిగినవాళ్లకు పచ్చ ట్యాగ్, అంటే కాస్త ఆగొచ్చు. శ్వాస నిమిషానికి 30 దాటినా, గోరు నొక్కి వదిలాక రంగు రావడానికి 2 సెకన్లు దాటినా, చెప్పిన మాట ప్రకారం చేయలేకపోయినా ఎరుపు, అంటే వెంటనే చూడాలి. పిల్లలు దాదాపు ఎప్పుడూ చేసే తప్పు, గట్టిగా అరిచేవాళ్ల దగ్గర ఆగిపోవడం. మూల చప్పుడు లేకుండా పడి ఉన్నవాడు అక్కడే పోతాడు. ఎవరి దగ్గర ఎన్ని సెకన్లు నిలబడ్డారో హెడ్‌సెట్ రికార్డు చేసి చూపిస్తుంది. పదిహేను డమ్మీలు పరిచి ఇదే చేయించాలంటే ఏ కాలేజీకీ అయ్యే పని కాదు.

పత్తి చేనులో పాము కాటు, పురుగుల మందు తాగిన కేసు కూడా అంతే. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అక్కడ ప్రాణం. పాము కాటైతే పొడి గాజు ట్యూబ్‌లో తీసిన రక్తాన్ని 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూడాలి. హెడ్‌సెట్ ఆ 20 నిమిషాలను దాటించి, యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు) ఎక్కుతుండగా దద్దుర్లు, ఆయాసం మొదలయ్యే ఘట్టానికి నేరుగా తీసుకెళ్తుంది. ముందు డ్రిప్ ఆపారా, తొడ కండరానికి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ ఇచ్చారా అన్నది అక్కడ తేలుతుంది.

కానీ లెక్క వేసుకోండి. కేసుకు 15 నిమిషాలు, తగిలించి సర్ది తుడవడానికి 5 అనుకుంటే ఒక హెడ్‌సెట్ మీద గంటకు ముగ్గురే. 60 మంది బ్యాచ్‌కు 20 గంటలు. ఒక్కసారి చార్జ్ చేస్తే మెటా క్వెస్ట్ 3 నడిచేది సుమారు రెండు గంటలు. అందుకని ఒకరు ఆడుతుంటే మిగతావాళ్లు చూసేలా టీవీకి పంపాలి. దానికి రెండూ ఒకే వైఫై మీద ఉండాలి, వీలైతే 5 గిగాహెర్ట్జ్. కొప్పు మీద పట్టీ వేస్తే జారి తెర మసకబారుతుంది, కొప్పు కిందికి వేయాలి. జాయ్‌స్టిక్‌తో నడిపించే మాడ్యూల్లో కొందరికి కడుపులో తిప్పుతుంది, ఉన్నచోటి నుంచి గెంతించేది నయం. లెన్స్‌ను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి. కిటికీ దగ్గర పెట్టి మరిచిపోతే పాలమూరు ఎండ లెన్స్‌ల గుండా పడి లోపలి తెరను కాల్చేస్తుంది.

రెండూ కలిపే దారి ఒకటుంది. పాస్‌త్రూ (బయటి కెమెరాల ద్వారా ఎదురుగా ఉన్న గదినీ చూపించే వీలు) ఉన్న హెడ్‌సెట్‌లో డమ్మీ మీద తెర రోగిని పొదిగితే, కళ్లకు పేషెంటు, చేతులకు అసలు స్ప్రింగ్. బొమ్మ, డమ్మీ కొద్దికొద్దిగా పక్కకు జరుగుతాయి. కేసు కేసుకూ మళ్లీ కలపాలి.

ఫోన్‌ను అట్టపెట్టెలో పెట్టి చూసే 360 డిగ్రీల వీడియోలు థియేటర్ చూపించడానికి తప్ప దేనికీ రావు. సీనియర్‌తో పేషెంటు వేషం వేయించడం దాదాపు ఖర్చు లేనిది. "కండ్లు బైర్లు గమ్ముతున్నయ్ సిస్టరమ్మా" అన్న మాట నుంచి లక్షణం పట్టుకోవడం ఇంగ్లిష్‌లో మాట్లాడే తెర రోగి నేర్పలేడు.

60 సీట్ల కాలేజీ అయితే నా ఓటు ముందు డమ్మీలకే. సీపీఆర్‌కు ఆరు, పసిబిడ్డవి ఆరు, కాన్పుకు రెండు, క్యాన్యులా చేతులు ఆరు. ఊపిరితిత్తుల సంచులు, చర్మాలు ఏటా మార్చడానికి డబ్బు విడిగా తీసిపెట్టాలి. ఆ తర్వాతే రెండు హెడ్‌సెట్లు. హెడ్‌సెట్ ఖర్చు వేలల్లోనే కనబడినా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఏటా కట్టేదైతే మూడేళ్ల మొత్తం రాయించుకోండి. డెమోకు వచ్చినవాళ్లు గుండెపోటు కేసు చూపించబోతే ఆపి, పాము కాటు కేసు పెట్టమనండి. అది లేదంటే ట్యూటరే తెలుగులో కేసు రాసి ఎక్కించే వీలుందా అని అడగండి. అదీ లేదంటే ఆ డబ్బుతో ఇంకో రెండు పసిబిడ్డ డమ్మీలు తెప్పించండి.