పిల్లో లైబ్రరీ: తెలుగు బిల్లుల పనిలో ఏళ్ళ తరబడి వాడాక

అంబాజీపేట కొబ్బరి కొట్లకి, పాలకొల్లు వైపు ధాన్యం కమీషన్ దుకాణాలకి, భీమవరం రొయ్యల మేత డీలర్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంటాం. చీటీ తెలుగులో రావాలన్నది అందరి మొదటి షరతు. చవక థర్మల్ ప్రింటర్లలో తెలుగు ఫాంటు ఉండదు కాబట్టి చీటీ మొత్తాన్నీ బొమ్మగా గీసి పంపాలి. రెండంగుళాల కాగితానికి 384 చుక్కల వెడల్పు, మూడంగుళాల దానికి 576. మేం ప్రోగ్రాం రాసే పైథాన్ భాషలో ఆ గీసే పని పిల్లోది, అంటే బొమ్మల పనికి రెడీమేడ్‌గా దొరికే కోడ్‌ది. దాన్ని వాడటం ఎలాగో నెట్‌లో బోలెడు దొరుకుతుంది. వెర్షన్లు మారుస్తూ దానితో కాపురం ఎలా ఉంటుందో చెప్తాను.

ముందు మంచి మాట. కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుందో తేదీతో సహా తెలుసు: జనవరి 2, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 15. ఏప్రిల్‌ది మాకు పనికిరాదు. దాళ్వా కోతలప్పుడు కాటా దగ్గర లారీలు బారులు తీరి ఉంటే బిల్లు ప్రోగ్రాం మీద చెయ్యి వేసేదెవరు? జూలైలో సార్వా నాట్లు పడుతుంటాయి, ధాన్యం దుకాణాలు ఖాళీ. పెద్ద మార్పులన్నీ అప్పటికే పెట్టుకుంటాం. తీసెయ్యబోయే ఫంక్షన్ గురించి కూడా కనీసం ఏడాది ముందు చెప్తారు. చిక్కేమిటంటే, లోపలి ఫైళ్ళలోని ఇలాంటి వార్నింగులని పైథాన్ మామూలుగా చూపించదు. టెస్టులు నడిపేటప్పుడు వార్నింగులని ఎర్రర్లుగా మార్చుకుంటేనే కంటపడతాయి.

అసలు పరీక్ష 2023 జూలైలో వచ్చిన పిల్లో 10.0.0. అక్షరాల కొలత చెప్పే టెక్స్ట్‌సైజ్‌ని, బొమ్మల సైజు మార్చేటప్పుడు వాడే యాంటీఎలియాస్ అనే పేరునీ తీసేశారు. రెండోది సులువు, లాంజోస్ అని పేరు మారిస్తే సరి. మొదటిదే తెలుగువాళ్ళని ఏడిపిస్తుంది. దాని బదులు టెక్స్ట్‌బీబాక్స్ వాడమంటారు. అది ఎడమ, పైన, కుడి, కింద అని నాలుగు అంకెలిస్తుంది. నెట్‌లో దొరికే సలహా ప్రకారం కింది అంకెలోంచి పై అంకె తీసేస్తే ఎత్తు వస్తుంది. ఇంగ్లీషు బిల్లుకి ఆ లెక్కతో నెట్టుకురావచ్చేమో. తెలుగుకి మాత్రం కుదరదు. పాత ఫంక్షన్ అక్షరం పైనున్న ఖాళీని కూడా ఎత్తులో కలిపి చెప్పేది. ఆ ఖాళీ తీసేసి అంతే ఎత్తు పట్టీ కోసి, పైనుంచి రాస్తే, కింద అంత మేర తెగిపోతుంది. మనకి కింద ఉండేవి ఒత్తులు. కొట్లో ట్రయల్ చీటీ తీసినప్పుడు షావుకారు గారు కళ్ళజోడు పైకెత్తి, “కొబ్బరిలో బ కింద ఒత్తేదండీ? ‘మొత్తం’ కూడా ‘మొతం’ అయ్యింది” అన్నారు. తీసివేత మానేసి, సున్నా దగ్గర కొలిచిన కింది అంకెనే ఎత్తుగా పెడితే పాత చీటీ మళ్ళీ వచ్చింది.

ఈ గొడవెందుకని దానికి ముందున్న 9.5 దగ్గరే ఆగిపోయినవాళ్ళు చాలామంది. ఇన్‌స్టాల్ చేసే లిస్టులో పిల్లో పక్కన “10 కన్నా తక్కువ” అని ఒక గీత గీసేస్తే హాయిగానే ఉంటుంది. కానీ అదే ఏడాది సెప్టెంబర్‌లో వెబ్‌పీ అనే రకం బొమ్మలు తెరిచే లిబ్‌వెబ్‌పీ అనే కోడ్‌లో పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడింది. పిల్లో ప్యాకేజీలో ఆ కోడ్ సొంత కాపీగా ఉంటుంది కాబట్టి విండోస్‌నో బ్రౌజర్‌నో అప్‌డేట్ చేసుకుంటే లాభం లేదు. సరిచేసిన కాపీ 10.0.1లో వచ్చింది, 9.5కి రాలేదు. మా ప్రోగ్రాంలో డ్రైవర్లు వాట్సాప్‌లో పంపే కాటా చీటీ ఫొటోలు ఎక్కించే వీలుంది. ఎవరు ఏ ఫైల్ పంపుతారో మన చేతిలో లేదు. కొలతల మార్పు జూలైలోనే అయిపోయింది కాబట్టి మాకది ఒక్క పూట పని. లేకపోతే ఆ టెన్షన్‌లో ఒత్తులెవరు చూస్తారు?

నాకు నచ్చనిది విండోస్‌లో రాక్మ్ సంగతి. తెలుగు అక్షరాలకి ఒత్తులు, గుణింతాలు కుదురుగా అమర్చేది అదే. 8.2.0 నుంచి అది ప్యాకేజీతోనే వస్తోంది గానీ, దానికి కావలసిన ఫ్రిబిడి అనే ఇంకో లైబ్రరీ ఫైల్‌ని (డీఎల్ఎల్) విండోస్‌లో మనమే పెట్టుకోవాలి. అది లేకపోతే ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ ఇవ్వదు, చక్కగా పొల్లులు విడగొట్టి తప్పు తెలుగు ప్రింట్ చేస్తుంది. దీనికొక ఉపాయముంది. అక్షరాలు గీయించేటప్పుడు భాష “te” (టీఈ, అంటే తెలుగు) అని ఇవ్వండి. రాక్మ్ లేకపోతే అప్పుడు ఎర్రరొచ్చి ఆగుతుంది. తప్పు చీటీ రైతు చేతికెళ్ళే కన్నా అదే నయం.

ఇక విండోస్ 7 కౌంటర్లు. కోనసీమలో ఇంకా కొన్ని ఉన్నాయి, మార్చమంటే “పని చేస్తోంది కదండీ” అంటారు. వాటిలో పైథాన్ 3.8 దాటి వెళ్ళలేం. 2024 అక్టోబర్‌లో వచ్చిన పిల్లో 11 నుంచి 3.8కి సపోర్టు లేదు. కాబట్టి అక్కడ 10.4.0 దగ్గర ఆపి, ఫొటోలు తెరిచే పని మాత్రం తాజా వెర్షన్ ఉన్న సర్వర్‌కి మార్చేశాం. కౌంటర్ చీటీ కొడుతుంది, అంతే. నెట్ పోతే ఫొటో ఆగుతుంది, బిల్లు ఆగదు.