ఫోటానిక్ చిప్‌కి ఫైబర్ కలపాలంటే: గ్రేటింగ్ కప్లరా, ఎడ్జ్ కప్లరా?

ఫోటానిక్ చిప్ అంటే కాంతిని సన్నని దారుల్లో నడిపించే చిప్. గ్రేటింగ్ కప్లర్ (చిప్ పైనున్న సన్నని గీతలతో కాంతిని లోపలికీ బయటికీ మళ్లించేది) ఉంటే వేఫర్‌ను (చిప్‌లన్నీ కలిసి ఉన్న పలకను) కోయకముందే టెస్ట్ చేసేయొచ్చు. ఫైబర్‌ను సుమారు 8–10 డిగ్రీలు వాల్చి పైనుంచి దించితే చాలు. ఒక మైక్రాన్ అటూ ఇటూ అయినా సిగ్నల్ దొరుకుతుంది. మామూలు డిజైన్‌లో ఒక్కో కప్లర్ దగ్గర 3 డీబీ (డెసిబెల్, నష్టానికి కొలత) పైనే కాంతి పోతుంది, పోలరైజేషన్ (కాంతి కంపించే దిశ) తప్పితే ఇంకా ఎక్కువ. లేజర్‌తో రింగ్ రెజొనెన్స్ (చిప్ మీది ఉంగరం లాంటి దారిలో కాంతి బలపడే తరంగదైర్ఘ్యం) చూసుకోవడానికి అది అడ్డు కాదు. అసలు దెబ్బ చిప్‌లో ఒకేసారి పుట్టే ఫోటాన్ (కాంతి కణం) జంటల దగ్గర: 3 డీబీ నష్టంతో ఒక్కో ఫోటాన్ బయటపడే అవకాశం సగం, రెండూ కలిసి బయటపడేది నాలుగో వంతే.

ఎడ్జ్ కప్లర్‌లో (చిప్ అంచు నుంచి ఫైబర్ కలిపేది) నష్టం 1 డీబీకి తగ్గితే రెండూ కలిసి బయటపడే అవకాశం 63 శాతం. కోయిన్సిడెన్స్ కొలతలకు (జంటలోని రెండు ఫోటాన్లూ ఒకేసారి వచ్చాయా అని లెక్కించేవి) మేం దీన్నే ఎంచుకుంటాం. కానీ చిప్ అంచు నున్నగా ఉండాలి, చిప్ మీది హీటర్లు వేయగానే అలైన్‌మెంట్ కదలకుండా కింద టెంపరేచర్ కంట్రోలర్ పెట్టాలి. ఫైబర్ అతికించాక నష్టం మళ్లీ కొలవండి. జిగురు గట్టిపడేటప్పుడు కుంచించుకుని ఫైబర్‌ను పక్కకు లాగేస్తుంది.