గంటలు కొట్టే గడియారం: ఏళ్ల వాడకం తర్వాత

ఈ లోలకం గడియారాన్ని నేను గోడ మీద ఉంచుకున్నది ఒక్క కారణానికే. అది గంటలు కొడుతుంది. సరైన టైము కావాలంటే వంటింట్లో సెల్లుతో నడిచే క్వార్ట్జ్ గడియారం ఉంది. హాల్లో ప్లగ్గుకు పెట్టిన డిజిటల్‌ది చీకట్లో కూడా కనిపిస్తుంది, కరెంటు పోయి వస్తే మాత్రం టైము మళ్లీ పెట్టాలి. ఫోన్ ఎలాగూ ఉంది. అయితే వీటన్నింటినీ మనం పోయి చూడాలి. ఇది తనే చెప్తుంది.

మా జేజికి చూపు బాగా తగ్గింది. కంటి ఆపరేషన్ అయిన రోజుల్లో చుక్కల మందు వేళకు పడిందంటే ఈ గడియారం వల్లే. గంటలు లెక్కపెట్టుకుని ఆమే మమ్మల్ని కేకేసేది. ఎంత పొద్దయిందని ఎవర్నీ అడగాల్సిన పని లేకపోవడం ఆమెకు ఎంత ధైర్యమో దగ్గరుండి చూశాను.

అలాంటిది ఒకసారి మేమంతా పెళ్లికి పోయి వచ్చేసరికి లెక్క తప్పింది. దీనికి రెండు స్ప్రింగులు, రెండు చోట్ల కీ ఇవ్వాలి. మా దాంట్లో కుడిది ముళ్లు నడపడానికి, ఎడమది గంటలు కొట్టడానికి. ఎడమది ముందే అయిపోయి, ముళ్లు మాత్రం నడుస్తూ ఉన్నాయి. కీ ఇచ్చాక చూస్తే ముల్లు నాలుగు మీద ఉంది, కొట్టింది పదకొండు. జేజి కంగారుపడింది.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక షాపుకు తీసుకుపోయాను. పెట్టె తలుపు తెరిచి చూసి, "మిషన్ పోయింది, పార్టులు దొరకవు. ఇది తీసేసి క్వార్ట్జ్ మిషన్ పెడతా, పైకి అట్లే కనిపిస్తుంది" అన్నారు. ఒక్కసారైనా కొట్టించి వినకుండా ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ కోపమే. గంట తీసేశాక ఆ పెట్టెతో మా జేజికేం పని?

పాతూరులో రిపేర్లు చేసే ఒక పెద్దాయన మాత్రం ముందు గోడకు తగిలించి, కొట్టించి విన్నాడు. "దీనికేం గాలేదప్పా, లెక్క తప్పిందంతే" అన్నాడు. లోపల ఒక చక్రం అంచున గాట్లు ఉంటాయి, గాటుకూ గాటుకూ మధ్య దూరం పెరుగుతూ పోతుంది. మూడు కొట్టాక నాలుగు కొట్టాలని ఆ చక్రానికి తెలుసు గానీ, ముల్లు ఎక్కడుందో తెలియదు. పన్నెండు గంటల్లో గంటలకు 78, అరగంటలకు 12, మొత్తం 90 దెబ్బలు, అంతే దాని పాఠం. ఆయన చిన్న ముల్లును మాత్రం మెల్లగా తిప్పి, అది కొట్టిన అంకె మీదికి తెచ్చాడు. తర్వాత పెద్ద ముల్లును ముందుకు తిప్పుతూ, ప్రతి గంటకూ అరగంటకూ కొట్టడం పూర్తయ్యేదాకా ఆగి, సరైన టైముకు చేర్చాడు. నూనె వేసినందుకు మాత్రం డబ్బులు తీసుకున్నాడు. అన్ని గడియారాల లోపలి ఏర్పాటు ఒకటే కాదు, ముల్లు బిగుతుగా ఉంటే బలవంతం చేయొద్దని కూడా చెప్పాడు.

తనే చెప్తుంది అన్నాను గానీ, రాత్రి పన్నెండున్నరకు ఒకటి, ఒంటిగంటకు ఒకటి, ఒకటిన్నరకు మళ్లీ ఒకటి. మధ్యలో మెలకువ వస్తే ఏ ఒకటో తేలదు, రెండు కొట్టేదాకా ఆగాల్సిందే. ఎండాకాలంలో వెనకబడుతుంది కూడా. లోలకం కడ్డీ ఉక్కుది, పది డిగ్రీల వేడి పెరిగితే సాగి రోజుకు ఐదు సెకన్లు పోతాయి, అంటే నెలకు రెండున్నర నిమిషాలు. మా ఎండలకు కడ్డీ చివర ఊగే బిళ్ల కింది నట్టు కాస్త తిప్పి బిళ్లను పైకి జరపాలి, చలికాలంలో మళ్లీ దించాలి. వారానికోసారి కీ ఇస్తే చాలంటారు, నేను ఆరో రోజే ఇస్తాను.

పసిపిల్లలున్న ఇంటికీ, ఒక్క గదిలో అద్దెకుండేవాళ్లకూ కొనమని చెప్పను. మా ఇంటికొచ్చిన చుట్టాలే అర్ధరాత్రి పన్నెండు దెబ్బలకు లేచి కూర్చుంటారు. చూపు సరిగా లేని పెద్దవాళ్లు ఇంట్లో ఉండి, కీ ఇచ్చే ఓపిక ఒకరికైనా ఉంటే తీసుకోవచ్చు. పాతది కొనేటప్పుడు మాత్రం అంగట్లోనే పన్నెండు గంటలూ కొట్టించి వినండి.