చెక్‌పాయింట్‌లో దొరికిన కొద్దిపాటి గంజాయి: మేము ఆశ్రయించిన న్యాయవాద కార్యాలయంపై సమీక్ష

అమెరికాలో వీసా మీద ఉంటున్న పిల్లల దగ్గర కొద్దిపాటి గంజాయి పట్టుబడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి, వెళ్లి ఏం అడగాలి అనేది మన కుటుంబాల్లో పైకి మాట్లాడుకునే విషయం కాదు. అందువల్ల నా మేనల్లుడి కోసం మేము తీసుకున్న ఒక న్యాయవాద కార్యాలయం సేవ గురించి కాస్త వివరంగానే రాస్తున్నాను. అబ్బాయి గోప్యత దృష్ట్యా ఆ కార్యాలయం పేరు, ఊరు చెప్పడం లేదు. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) క్రిమినల్ చట్టం, వలస చట్టం రెండింటినీ ఒకే కప్పు కింద చూసే చిన్న ఆఫీసు అది. ఇద్దరు న్యాయవాదులు, ఒక సహాయకురాలు, అంతే. ఆ రెండు చట్టాలూ తెలిసినవారు ఒకేచోట ఉండడమే మమ్మల్ని కాపాడిందని నా గట్టి నమ్మకం.

అబ్బాయి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువు ముగించుకుని ఓపీటీలో, అంటే చదువు తర్వాత కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి మీద, ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులతో కలిసి న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ చూసి వెనక్కి వస్తుండగా హైవే మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్‌లో వాళ్ల కారు ఆగింది. ఏజెంటు పౌరసత్వం గురించి అడుగుతుండగానే కారు చుట్టూ తిప్పుతున్న జాగిలం వాసన పట్టినట్టు డిక్కీ దగ్గర కూర్చుండిపోయింది. కారు పక్కకు పెట్టించి వెతికితే మావాడి బ్యాగులో గంజాయి గమ్మీల (గంజాయి కలిపిన నమిలే మిఠాయిల) ప్యాకెట్టు దొరికింది. అది లైసెన్సున్న దుకాణంలో కొన్నది. రసీదు కూడా ప్యాకెట్టుతోనే ఉంది. న్యూ మెక్సికోలో 21 ఏళ్లు నిండినవారికి 2022 ఏప్రిల్ 1 నుంచి వీటిని దుకాణాల్లో బహిరంగంగానే అమ్ముతున్నారు. వాళ్లు దేశ సరిహద్దు దాటలేదు సరికదా, రాష్ట్రం పొలిమేర కూడా దాటలేదు. ఏజెంట్లు మర్యాదగానే వ్యవహరించారు. ప్యాకెట్టు స్వాధీనం చేసుకుని, వివరాలు రాసుకుని, వాంగ్మూలం మీద సంతకం పెట్టమన్నప్పుడు లాయరుతో మాట్లాడాకే పెడతానని వాడు చెప్పాడు. కేసు పెట్టేదీ లేనిదీ ప్రాసిక్యూటర్లు తర్వాత నిర్ణయిస్తారని చెప్పి పంపించేశారు. ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేసి, ముందుగా అన్న మాట "మామయ్యా, అమ్మకు మాత్రం చెప్పకు" అని.

మేము మొదట సంప్రదించిన లాయరు వేరు. క్రిమినల్ కేసులు మాత్రమే చూసే ఆయన విషయం మొత్తం వినకుండానే ఫోనులో తేల్చేశారు: ఇది చాలా చిన్న సంగతి, ఒకవేళ కేసు వస్తే నేరం ఒప్పేసుకోండి, మొదటి తప్పు కాబట్టి ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో కూడిన పర్యవేక్షణ) ఇస్తారు, అది సవ్యంగా పూర్తిచేస్తే శిక్ష ఖరారు చేయకుండానే కేసు కొట్టేస్తారు అని. అమెరికా పౌరుడికైతే అది మంచి సలహాయే. ఫెడరల్ చట్టంలో అలాంటి ప్రొబేషన్‌కు నిజంగానే ఒక సెక్షన్ ఉంది. నేరం జరిగినప్పుడు 21 ఏళ్లు నిండనివారైతే రికార్డు కూడా చెరిపించుకోవచ్చు. కానీ ఎదుటివాడి వీసా ఏమిటని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

రెండో కార్యాలయంలో మొదటి సమావేశానికి ముందే సహాయకురాలు ఒక జాబితా పంపించారు: పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం), ఓపీటీ కార్డు, దుకాణం రసీదు, చెక్‌పాయింట్‌లో ఇచ్చిన కాగితాలు. జరిగింది జరిగినట్టు, గుర్తున్న మాటలతో సహా, ఎవరితోనూ చర్చించకుండా సొంతంగా రాసుకుని తెమ్మన్నారు. ఫోనులోని సందేశాలు, ఫొటోలు ఏవీ తుడిచేయవద్దని ప్రత్యేకంగా హెచ్చరించారు. మనవాళ్లు భయంతో మొట్టమొదట చేసే పని అదే కాబట్టి ఈ హెచ్చరిక ఎంత విలువైనదో నేను వేరే చెప్పనక్కరలేదు.

సమావేశంలో న్యాయవాది చట్టం పుస్తకం తెరవలేదు. గ్రీన్‌కార్డుకు పెట్టుకునే ఐ-485 దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టి, మాదకద్రవ్యాల చట్టాలను ఎప్పుడైనా ఉల్లంఘించారా అని అడిగే ప్రశ్నను వేలు పెట్టి చూపించారు. అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని కాదు, ఉల్లంఘించారా అని మాత్రమే అందులో ఉంది. ఏ రాష్ట్ర చట్టమైనా, ఫెడరల్ చట్టమైనా, పరాయి దేశపు చట్టమైనా సరే. "మీరు ఈ రోజు ఏం చేసినా, రేపు ఈ గడిలో నిజమే రాయాలి, ఆ నిజం ఇంతకు మించి పెరగకుండా చూడడమే మన పని" అన్నారామె. అబ్బాయికి అప్పటిదాకా జరిమానా గురించి తప్ప మరో ఆలోచన లేదు. ఆ కాగితం చూశాకే వాడికి విషయం బోధపడింది.

తర్వాత ఆమె వివరించిన సంగతులు వీసా మీద ఉన్న ప్రతి ఇంటికీ అవసరమైనవి. 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో గంజాయి ఎంత తక్కువున్నా నేరమే. మొదటిసారి పట్టుబడినవారికి ఏడాది దాకా జైలు గానీ, కనీసం 1,000 డాలర్ల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇంత చిన్న మోతాదుల మీద ప్రాసిక్యూటర్లు చాలావరకు కేసులు నడపరు. అయితే నడిపినప్పుడు పౌరుడు కానివారికి అసలు దెబ్బ తగిలేది క్రిమినల్ కోర్టులో కాదు. 1996లో సవరించిన వలస చట్టం ప్రకారం నేరం ఒప్పుకుని, దాని మీద కోర్టు ఏదో ఒక షరతు విధిస్తే, ఆ తర్వాత కేసు కొట్టేసినా, రికార్డు తుడిచేసినా అది శిక్ష పడిన కిందే లెక్క. మొదటి లాయరు తేలిగ్గా చెప్పిన దారి మావాడిని సరిగ్గా అక్కడికే తీసుకెళ్లేది. ఇలాంటి సలహాల వల్లే 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దశాబ్దాలుగా గ్రీన్‌కార్డు మీద ఉన్న ఒక ట్రక్కు డ్రైవరుకు, గంజాయి కేసులో నేరం ఒప్పుకుంటే బహిష్కరణ భయం లేదని లాయరు చెప్పడం తప్పేనని, ఆ ముప్పు గురించి హెచ్చరించడం న్యాయవాది బాధ్యత అని కోర్టు తేల్చింది.

అన్నింటికన్నా ముఖ్యమైన మరో విషయం ఉంది. సొంతానికి దాచుకున్న 30 గ్రాముల లోపు గంజాయి ఒకే ఒక్కసారి దొరికితే, దేశం నుంచి పంపించే నిబంధనకు మినహాయింపు ఉంది. కానీ వీసా స్టాంపింగు కోసం బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చేటప్పుడు ఆ మినహాయింపు అలాగే వర్తించదు. అక్కడ శిక్ష పడకపోయినా, నేరంలోని అంశాలను అధికారి ముందు పద్ధతి ప్రకారం ఒప్పుకున్నా చాలు, ప్రవేశం నిరాకరించవచ్చు. చెక్‌పాయింట్‌లో వాంగ్మూలం మీద సంతకం పెట్టకుండా ఆగడం మావాడు చేసిన అతి మంచి పని అని ఆమె అన్నది ఇందుకే. గమ్మీల విషయంలో 30 గ్రాములను ఎలా తూచాలన్నదే వాదనకు తావిచ్చే అంశమని, దాని మీద భరోసా పెట్టుకోవద్దని కూడా చెప్పారు. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో డాక్టరు మాదకద్రవ్యాల వాడకం గురించి అడుగుతారన్న సంగతి మాకెవరికీ తెలియదు.

మరి ఆ చెక్‌పాయింట్ సంగతేమిటి, దేశం లోపల దారిన పోయేవారిని ఏ అనుమానమూ లేకుండా ఎలా ఆపుతారు అని నేను కొంచెం కోపంగానే అడిగాను. ఆమె ఓపికగా సమాధానమిచ్చారు. సరిహద్దు నుంచి 100 మైళ్ల లోపు బోర్డర్ పెట్రోల్ ఇలాంటివి నడపవచ్చు. శాశ్వత చెక్‌పాయింట్లలో వలస స్థితి గురించి అడగడానికి క్లుప్తంగా ఆపడం రాజ్యాంగబద్ధమేనని 1976లోనే మార్టినెజ్-ఫ్యుయెర్తె కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేవలం మాదకద్రవ్యాల కోసం చెక్‌పాయింట్ పెట్టడం చెల్లదని 2000లో ఇండియానాపోలిస్ కేసులో అదే కోర్టు తీర్పిచ్చింది. ఈ రెండింటి మధ్య గీత కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది, కానీ రోడ్డు మీద జాగిలం దాన్ని చెరిపేస్తుంది. అది వాసన పట్టిందంటే వెతకడానికి కారణం దొరికినట్టే.

ఇది నా ఒక్కడి అక్కసు కాదు. 2013 నుంచి 2016 ఆర్థిక సంవత్సరాల లెక్కలు చూసిన, అమెరికా కాంగ్రెస్ తరఫున తనిఖీలు చేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయమే, చెక్‌పాయింట్లలో జరిగిన స్వాధీనాల్లో దాదాపు 40 శాతం అమెరికా పౌరుల దగ్గర దొరికిన ఒక ఔన్సు లోపు గంజాయేనని నివేదించింది. 2017 ఆగస్టులో న్యూ హ్యాంప్‌షైర్‌లోని వుడ్‌స్టాక్ దగ్గర ఐ-93 హైవే మీద పెట్టిన చెక్‌పాయింట్‌లో ఇలాగే కొద్దికొద్దిగా దొరికిన గంజాయిని ఏజెంట్లు స్థానిక పోలీసులకు అప్పగించి రాష్ట్ర చట్టం కింద కేసులు పెట్టిస్తే, 2018లో అక్కడి జిల్లా కోర్టు ఆ సాక్ష్యాలు చెల్లవని కొట్టేసింది. శరదృతువులో ఆకుల రంగులు చూడడానికి బోస్టన్ నుంచి మనవాళ్లు కార్లు కట్టుకుని వెళ్లేది ఆ దారినే. వలస తనిఖీ కోసం పెట్టిన వ్యవస్థ ఒక విద్యార్థి బ్యాగులోని మిఠాయి ప్యాకెట్టు మీద తన సమయం ఖర్చు పెట్టడం, ఆ ప్యాకెట్టే వాడి భవిష్యత్తును తారుమారు చేయగలగడం నాకు అన్యాయంగానే తోస్తుంది. న్యాయవాది మాత్రం నా కోపానికి వంత పాడలేదు. తీర్పులు చెప్పారు, వాటి హద్దులు చెప్పారు, న్యూ హ్యాంప్‌షైర్ తీర్పు మాకు న్యూ మెక్సికోలో అక్కరకు రాదని తేల్చి చెప్పారు. ఖాతాదారుకు నచ్చే మాట చెప్పి ఫీజు పెంచుకునే అవకాశం ఉండి కూడా ఆమె ఆ పని చేయలేదు.

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో, ఎవరి పేరూ లేకుండా నేను అడిగిన ప్రశ్నకు, బైడెన్ అధ్యక్షుడిగా ఉండగా గంజాయి కేసులకు క్షమాభిక్ష ఇచ్చేశారు కదా, ఇక భయమెందుకు అని బదులిచ్చారు. 2022 అక్టోబరు 6న, మళ్లీ 2023 డిసెంబరులో వచ్చిన ఆ ప్రకటనలు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. పైగా ఆ తేదీలకు ముందు జరిగిన వాటికే. ఎఫ్-1, హెచ్-1బి (ఉద్యోగ) వీసాల మీద ఉన్నవారికి అందులో చోటు లేదు.

ఇక కార్యాలయం చేసిన పని. ప్రాతినిధ్యం వహిస్తున్నట్టు యూఎస్ అటార్నీ (ఫెడరల్ ప్రాసిక్యూటర్) కార్యాలయానికి లేఖ రాసి, అబ్బాయితో ఇకపై నేరుగా మాట్లాడవద్దని కోరారు. స్వాధీనం తాలూకు రికార్డుల కోసం సమాచార చట్టం కింద దరఖాస్తు పెట్టారు. విషయం తేలేవరకు ఇండియా ప్రయాణం మానుకోమన్నారు. అక్కడ జరిగే పెళ్లికి రాలేనని చెప్పడానికి వాడికి కారణం కావలసి వచ్చింది, దాంతో మా అక్కకు అంతా చెప్పక తప్పలేదు. కొన్నాళ్లకు, ప్రస్తుతానికి కేసు వేసే ఉద్దేశం లేదని ప్రాసిక్యూటర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. మేము పండగ చేసుకోబోతుంటే ఆమె ఆపారు. ఫెడరల్ చట్టంలో కేసు వేయడానికి గడువు ఐదేళ్లు, కాబట్టి ఆ ఈమెయిల్‌ను ముగింపుగా కాక ఊరటగా మాత్రమే తీసుకోమన్నారు. ఆ మాట వినడానికి కష్టంగా ఉన్నా, డబ్బిచ్చి కొనుక్కోవలసింది అలాంటి మాటనే.

లోపాలూ ఉన్నాయి. మొదటి గంట సంప్రదింపుకు 350 డాలర్లు, ఆ తర్వాత గంటల లెక్కన బిల్లు. చిన్న ఈమెయిల్ చదివినా గంటలో పదో వంతు కిందకు లెక్క వేస్తారు. సహాయకురాలు సెలవులో ఉన్నప్పుడు జవాబు రావడానికి వారం పట్టింది, అదీ రెండోసారి గుర్తుచేశాక. సమాచార చట్టం దరఖాస్తుకు ఎంతకాలం పడుతుందో ముందుగా హెచ్చరించి ఉండాల్సింది. వీసా ఇంటర్వ్యూకు సిద్ధం చేయడం వేరే ఒప్పందం, వేరే ఫీజు అని చివర్లో తెలిసింది. ఒప్పంద పత్రంలో అది ఉన్న మాట నిజమే గానీ మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది.

అమెరికా పౌరుడికి ఇంత ఖర్చు అవసరం లేదు, మంచి క్రిమినల్ లాయరు సరిపోతారు. వీసా మీద గానీ, గ్రీన్‌కార్డు మీద గానీ ఉన్నవారు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే, ఏ జరిమానా కట్టకముందే ఇలాంటి రెండు చట్టాల కార్యాలయానికి వెళ్లాలని నా సిఫారసు. ఫోనులో మొదటి నిమిషంలోనే "మీ వలస స్థితి ఏమిటి?" అని అడగకపోతే అక్కడితో మర్యాదగా ఫోన్ పెట్టేసి, మరొకరిని వెతుక్కోవచ్చు.