రామగిరిలో 700 రూపాయల కాకిబంగారం

ధర్మవరం నుంచి, పాత బంగారు గనులున్న రామగిరికి పోయి రావడానికి టాక్సీ 2,600కి మాట్లాడుకున్నాం. బండి బాగుంది, దారీ బాగుంది. ఆ డ్రైవర్ చేసిన పని మాత్రం ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఊరు ఇంకా రాకముందే "ముందు బంగారు రాయి చూపిస్తా సార్" అంటూ రోడ్డు పక్కన ఒకతని దగ్గర ఆపాడు. గోనెపట్ట మీద పది పదిహేను రాళ్ళు, ఎండకు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. "గని మూతపడక ముందు తీసిన రాయి సార్, కరిగిస్తే గ్రాము దిగుతుంది" అన్నాడు అమ్మేవాడు. వెయ్యి చెప్పి 700కి వచ్చాడు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి, పుట్టినరోజుకు వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన డబ్బులు తీసి కొనుక్కుంది. నాన్న "వద్దులేరా" అన్నారు. పాప ముఖం చూసి నేను ఊరుకున్నాను.

గనులున్న చోట దారి చూపే బోర్డు ఒక్కటీ మా కంటపడలేదు. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, కింద కంపచెట్లు, బూడిద రంగు డంపులు. ఇదేనా అని నా భార్య నీరసపడిపోయింది. టీ తాగుదామని ఆగిన బంకు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గనిలో పని చేశాడట. పాప చేతిలోని రాయి చూసి "ఎవురు ఇచ్చినారమ్మా ఇది?" అని అడిగాడు. 700 అనగానే ఆయన ముఖం మారిపోయింది.

విరిగిన టైల్ ముక్క ఒకటి తెప్పించి, నునుపు లేని వెనక వైపున ఆ రాయిని గట్టిగా గీశాడు. నల్లటి గీత పడింది. ఆ పక్కనే నా భార్య ఉంగరంతో మెల్లగా గీయించాడు, సన్నటి పసుపుపచ్చ గీత. తర్వాత రాయి నుంచి మెరిసే చిన్న పలుకు ఊడదీసి బండ మీద పెట్టి ఇంకో రాయితో కొట్టాడు. పొడిపొడి అయిపోయింది. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే వాసన. "బంగారం అయితే కొడితే రేకు అవుతుందమ్మా, పొడి కాదు. ఇది పైరైట్. ఇనుమూ గంధకమూ." పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిన్నపిల్ల డబ్బులు కాజేసినవాడి మీదా, వాడి దగ్గర బండి ఆపినవాడి మీదా నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. డ్రైవర్‌ని నిలదీస్తే ఫోన్ చూసుకుంటూ "మీరే కదా కొన్నారు" అన్నాడు.

పెద్దాయన పాపను పక్కన కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడాడు. ఈ కొండల్లో ఉత్తర దక్షిణాలుగా సన్నటి పట్టీలా పోయే రాయి వేరు, రెండు పక్కలా ఉన్న గ్రానైటు వేరు. ఆ పట్టీ రాయి 250 కోట్ల ఏళ్ళకు పైబడినది, చాలావరకు ఒకప్పటి లావా. అది నలిగి పగిలిన చోట్ల అడుగునుంచి వేడినీళ్ళు ఎక్కి, చల్లారేటప్పుడు పలుగురాయినీ, దాంతో బంగారాన్నీ పగుళ్ళలో వదిలేశాయి. "లోపల బంగారం మా కంటికే కనపడదు. తెల్లటి పలుగురాయిలో బూడిద చారలుంటే అదే మాకు బంగారం" అన్నాడు. టన్ను రాయి పిండి చేస్తే చేతికొచ్చేది కొన్ని గ్రాములు. ఆ పిండిని సైనైడ్ నీళ్ళతో కడిగి బంగారం లాగుతారు, మిగిలిన పిండే ఆ డంపులు. పిల్లల్ని వాటి మీదికి ఎక్కనివ్వొద్దని గట్టిగా చెప్పాడు. పాత షాఫ్టుల, అంటే గనిలోకి దిగే నిలువు గోతుల, దగ్గరికి అసలే పోవద్దన్నాడు.

తెల్లదొరల కంపెనీ ఇక్కడ తవ్వి 1927లో వదిలేసింది. చాలా ఏళ్ళ తర్వాత, కోలార్ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ మళ్ళీ తెరిచింది. 2001లో కోలార్ మూతపడింది, రామగిరి పనీ ఆగిపోయింది. అప్పుడు పది గ్రాములు నాలుగు వేల చిల్లర, తవ్వకం ఖర్చుకు కూడా చాలేది కాదు. "ఇప్పుడు లక్ష దాటింది కదన్నా" అని నాన్నతో అంటూ కొండవైపు చూశాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. టీలు 40 రూపాయలు కూడా ఆయనే ఇచ్చాడు.

లాడ్జి గురించి ఒక్క మాట: 1,500 గది, వేడినీళ్ళకు బకెట్‌కు 30 విడిగా. ఉతికిన దుప్పటి అడిగితే విసుక్కున్నారు. లేపాక్షి, పెనుకొండ హాయిగా గడిచాయి.

తిరిగి కర్నూలు వస్తూ గుత్తిలో ఉగ్గాని బజ్జీ తిన్నాం, ప్లేటు 40. ఈ ప్రయాణంలో తిన్న అన్నిటికన్నా రుచి అదే. అక్కడి నుంచి ఎర్రగుడి అశోక శాసనాలకు వెళ్ళాం, నాన్న పట్టుబట్టడం వల్ల. వెళ్ళకపోతే పొరపాటు చేసేవాళ్ళం. ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కర్ణాటకలోని బ్రహ్మగిరిలో ఉన్న అశోక శాసనం సువర్ణగిరి నుంచి వెలువడిన ఆజ్ఞ అని చెప్పుకుంటుంది. ఆ సువర్ణగిరి ఈ పక్కనున్న జొన్నగిరే అని కొందరు పండితుల మాట, కాదనేవాళ్ళూ ఉన్నారు. జొన్నగిరి చుట్టుపక్కలా బంగారం ఉన్న రాయే. నాన్న ఆ బండ ముందు గంటసేపు నిలబడ్డారు, మోకాళ్ళ నొప్పి మాటే ఎత్తలేదు.

రామగిరికి పోయేవాళ్ళు బండి మాట్లాడుకునేటప్పుడే దారిలో ఎక్కడా ఆపకూడదని తేల్చి చెప్పండి. రాయి ఎవరు చూపించినా కొనొద్దు. పిల్లలు మారాం చేస్తే టైల్ ముక్క తిరగేసి గీయించండి. వచ్చేటప్పుడు పెద్దాయన మా పాపకు బూడిద చార ఉన్న పలుగురాయి ముక్క ఒకటి ఇచ్చాడు. అది ఆమె కంపాస్ బాక్సులో ఉంది. 700 పెట్టిన రాయి ఎక్కడ పడేసిందో నేను అడగలేదు.